విశాఖ ఇన్వెస్టర్లకు బహిరంగ లేఖ: మీ గెలుపులో కాలం వాటా ఎంతో కూడా చెప్పండి

విశాఖపట్నంలో కొత్త కంపెనీలకు డబ్బు పెడుతున్న ఏంజెల్ ఇన్వెస్టర్లకు, ఫండ్లు నడిపేవాళ్ళకు, కొత్త కంపెనీలకు మొదట్లో చోటు, సాయం ఇచ్చే ఇంక్యుబేటర్ల ఎంపిక కమిటీల్లో కూర్చునే పెద్దలకు నమస్కారం.

పోయిన నెల మన ఊళ్ళోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో స్టార్టప్‌ల మీద సభ పెడితే నేనూ వెళ్ళాను. హాలు నిండిపోయి వెనక గోడ వారన పిల్లలు నిలబడి విన్నారు. వేదిక మీద మీలో ఒకరు (పేరు రాయను, రాయాల్సిన అవసరం కూడా లేదు) కంపెనీ పెట్టే మనిషి, అంటే ఫౌండర్ గురించి మైకు పట్టుకుని అన్నారు: "ఫౌండర్ గదిలోకి వచ్చిన ఐదు నిమిషాల్లో నాకు తెలిసిపోతుంది. కళ్ళల్లో ఫైర్ ఉందా లేదా, అదొక్కటే చూస్తాను. ఉంటే చెక్కు రాసేస్తాను." చప్పట్లు మోగాయి. ప్రశ్నలు అడగమన్నప్పుడు మూడో వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. శ్రీకాకుళం యాస, గొంతు కొంచెం వణుకుతోంది. "సార్, నాకు ఆ ఫైర్ ఉందో లేదో నాకెలా తెలుస్తుంది?" అని అడిగింది. ఆయన నవ్వి, "అడగాల్సి వచ్చిందంటేనే లేదని అర్థం తల్లీ" అన్నారు. హాలంతా నవ్వింది. ఆ అమ్మాయి కూర్చుని, ముందు తెరిచి పెట్టుకున్న నోట్‌బుక్ మూసేసి, సభ అయిపోయేదాకా మళ్ళీ తెరవలేదు.

అది చూశాక రెండు రాత్రులు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నాను.

ఆయన్ని తిట్టడానికి మాత్రం కాదు. 2018లో నాకు 20 లక్షలు ఇచ్చిన మనిషి ఆయన. అప్పటికి మా కంపెనీ అంటే మద్దిలపాలెంలో మేడ మీద ఒక గది, ముగ్గురు స్నేహితులం, ఒక సోల్డరింగ్ ఐరన్. చేపల ఐసు పెట్టెలో పెట్టే చిన్న సెన్సర్ చేసేవాళ్ళం, హార్బర్ నుంచి హైదరాబాద్ హోటల్ చేరేదాకా పెట్టెలో చల్లదనం ఎప్పుడెంత ఉందో ఫోన్‌లో చూపించేది. అదే నెలలో ఆయన ఇంకో కంపెనీకి కూడా డబ్బు పెట్టారు, స్కూళ్ళకి ఆన్‌లైన్‌లో పరీక్షలు పెట్టే సాఫ్ట్‌వేర్. వాళ్ళ ఆఫీసు మా పక్క గదే. ఆ అబ్బాయి నాకంటే ఆరేళ్ళు చిన్న, నన్ను అన్నా అంటాడు, ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తాడు.

2020 జనవరి, సంక్రాంతి వెళ్ళిన వారం. సిరిపురంలో టీ తాగుతుంటే వాడు గ్లాసు పక్కన పెట్టి, "అన్నా, ఫిబ్రవరి జీతాలు ఇచ్చి మూసేస్తాను. స్కూళ్ళు ఫ్రీగా అయితే వాడుకుంటున్నాయి, డబ్బు అడిగితే వచ్చే ఏడాది చూద్దాం అంటున్నాయి. మా వాళ్ళల్లో ఇద్దరిని నువ్వు తీసుకోగలవా?" అన్నాడు. తీసుకుంటానన్నాను, ఎందుకంటే అప్పుడు మా చేతిలో ఆర్డర్లున్నాయి, హోటళ్ళకి చేపలు పంపే ఒక పెద్ద సప్లయర్ తన పెట్టెలన్నిటికీ మా సెన్సర్ పెట్టుకుంటానన్నాడు. వాళ్ళల్లో ఒక కుర్రాడు ఫిబ్రవరిలో మా దగ్గర చేరాడు కూడా. మార్చి 24 రాత్రి దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. హోటళ్ళు మూతపడ్డాయి, సప్లయర్ ఫోన్ ఎత్తడం మానేశాడు, బోట్లు హార్బర్‌లో కట్టేసి ఉన్నాయి. ఏప్రిల్ నుంచి పక్క గది వాడికి స్కూళ్ళ ఫోన్లు మొదలయ్యాయి. జూన్‌కి ఫోన్లు ఎత్తలేక మనుషుల్ని పెట్టుకున్నాడు, మా దగ్గర చేరిన కుర్రాడు తిరిగి వాడి దగ్గరికే వెళ్ళాడు, నేనే వెళ్ళమన్నాను. మరుసటి ఏడాది బెంగళూరు కంపెనీ ఒకటి వాడి కంపెనీని కొనేసింది. అదే ఏడాది ఆగస్టులో నేను నాది మూసేశాను. మిగిలిన సెన్సర్లు ఇప్పటికీ మా ఇంటి అటక మీద రెండు అట్టపెట్టెల్లో ఉన్నాయి.

ఇప్పుడు వేదిక మీద ఆయన చెప్పే కథలో ఆ తమ్ముడి కళ్ళల్లో ఫైర్ ఉంది. నా పేరు చెప్పరు గానీ, "అదే నెలలో ఇంకొకళ్ళకీ ఇచ్చాను, వాళ్ళల్లో ఆకలి లేదు, పోయింది" అంటారు. కథ వినడానికి బాగుంటుంది. కానీ 2020 జనవరిలో మమ్మల్నిద్దర్నీ ఆయన ముందు నిలబెట్టి అడిగి ఉంటే వాడిదే పోతుందని చెప్పేవారు, నేనూ అదే చెప్పేవాణ్ణి, వాడైతే స్వయంగా చెప్పాడు కూడా, టీ కొట్టు దగ్గర.

మా తప్పు ఏమీ లేదనడం లేదు. మాకొచ్చే డబ్బులో మూడింట రెండు వంతులు ఆ ఒక్క సప్లయర్ దగ్గర్నుంచే వచ్చేది. "ఒక్కడి మీద ఆధారపడితే వాడు తుమ్మితే మీరు పోతారు, మందుల రవాణా వాళ్ళని కూడా కలవండి" అని 2019లోనే ఆయన మాకు చెప్పారు, ఇద్దరి నంబర్లు కూడా ఇచ్చారు. మేం కలవలేదు. కలిసి ఉంటే, వ్యాక్సిన్ల చల్లదనం గురించి ఊరూరా మాట్లాడుకున్న ఆ రోజుల్లో మా కథ ఇంకోలా ఉండేదేమో. ఇది అసలైన నేర్పు, ఆయనకి ఉన్న నేర్పు. సభలో ఆయన ఈ మాట ఒక్కటీ చెప్పలేదు. కళ్ళల్లో ఫైర్ గురించి చెప్పారు. పిల్లలకి పనికొచ్చేది మొదటిది, వాళ్ళు ఇంటికి మోసుకెళ్ళింది రెండోది. నా బాధంతా ఇక్కడే ఉంది.

సెన్సర్లు పెట్టే రోజుల్లో నేను ఫిషింగ్ హార్బర్‌కి తెల్లవారుజామున నాలుగింటికే వెళ్ళేవాణ్ణి. అక్కడ ముప్పై ఏళ్ళుగా సరంగు పని, అంటే బోటు నడిపే పని చేసి, తర్వాత రెండు బోట్లకి ఓనరైన ఒక పెద్దాయన ఉండేవాడు. ఒకరోజు వంజరం నిండుగా వేసుకొచ్చిన బోటు చుట్టూ జనం మూగి ఉంటే, ఈయన పక్కన ఖాళీగా వచ్చిన తన బోటులోకి దిగి ఐసు గది మూత ఎత్తి చూస్తున్నాడు. ఏం చూస్తున్నావు తాతా అంటే, "ఐసు ఎంత మిగిల్చాడో చూస్తన్నాను బాబూ. డీజిలు చీటీ చూస్తాను. వల ఎక్కడ చిరిగింది, ఎంత చిరిగింది చూస్తాను. కలాసీలందరూ బాగా దిగారా చూస్తాను. చేప పడ్డం పడకపోడం ఒక వేటకి తెలీదు. మూడేళ్ళ చీటీలు ముందేసుకుంటే తెలుస్తాది సరంగు ఎలాంటోడో" అన్నాడు. ఆ ఖాళీ బోటు సరంగుని ఆయన తీసెయ్యలేదు. గాలి మారిందని రెండు రోజులు ముందే వెనక్కి తిప్పాడట, డీజిలు మిగిల్చాడట, అది సరైన పని అన్నాడు. నిండుగా వచ్చిన సరంగు గురించి అడిగితే ఏమీ అనలేదు, ఇంకా చీటీలు చూడాలి కదా.

మీ వృత్తికి పెద్దమ్మ వరస అవుతుంది ఈ వేట. 19వ శతాబ్దంలో అమెరికాలో మసాచుసెట్స్ తీరాన న్యూ బెడ్‌ఫర్డ్ అనే ఊళ్ళో తిమింగలాల వేటకి ఓడలు పంపే ఏజెంట్లుండేవాళ్ళు. ఊళ్ళో డబ్బున్నవాళ్ళ దగ్గర పెట్టుబడి పోగుచేసి, కెప్టెన్‌ని ఎంచి, ఓడని ఏళ్ళ తరబడి సముద్రం మీదకి పంపేవాళ్ళు. జీతాలు కావు, అందరికీ వాటాలే. కొన్ని ఓడలు నూనె పీపాలతో నిండుగా వచ్చేవి, కొన్ని ఖర్చులు కూడా రాకుండా వచ్చేవి, కొన్ని తిరిగి రానే లేదు. ఇవాళ కొత్త కంపెనీల్లో పెట్టడానికి నలుగురి డబ్బు పోగుచేసే వెంచర్ ఫండ్ నడిపేవాళ్ళు ఏటా సుమారు 2 శాతం ఫీజు, లాభంలో 20 శాతం వాటా తీసుకునే పద్ధతి చూస్తే ఆ ఓడల వాటాలు గుర్తొస్తాయి. ఆ ఏజెంట్లలో కొందరు ఏళ్ళ తరబడి మిగతావాళ్ళ కంటే బాగా సంపాదించారు, కాబట్టి నేర్పు లేదని ఎవరూ అనలేరు. ఏ కెప్టెన్‌ని పంపాలి, ఏ సముద్రానికి పంపాలి, ఓడలో ఏం సర్దాలి, ఇవన్నీ నేర్చుకున్న పనులే. కాకపోతే అది తేలడానికి చాలా ఓడలు, చాలా ఏళ్ళు పట్టాయి. మీలో ఎక్కువమందివి ఇంకా ఏడెనిమిది ఓడలే.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పనివ్వండి. కోరిలేషన్ వెంచర్స్ అనే అమెరికా సంస్థ 2004 నుంచి 2013 దాకా జరిగిన 21 వేలకు పైగా పెట్టుబడుల్ని చూసింది. అందులో దాదాపు 65 శాతం పెట్టిన డబ్బు కూడా తిరిగి ఇవ్వలేదు. పెట్టినదానికి పది రెట్లు, అంతకంటే ఎక్కువ ఇచ్చినవి 4 శాతం. యాభై రెట్లు దాటినవి వెయ్యికి నాలుగు. హోర్స్‌లీ బ్రిడ్జ్ అనే ఇంకో సంస్థ లెక్కల్లో అయితే సుమారు 6 శాతం పెట్టుబడులే మొత్తం రాబడిలో 60 శాతం తెచ్చాయి. అంటే ఈ వ్యాపారమంతా ఒకటో రెండో కంపెనీల మీద నిలబడి ఉంటుంది. ఇప్పుడు ఒక్కో పెట్టుబడికి ఆ 4 శాతం అవకాశమే ఉందనుకుని లెక్క వేయండి. పది కంపెనీల్లో డబ్బు పెట్టిన ఇన్వెస్టరుకి ఒక్కటి కూడా పది రెట్లు ఇవ్వని అవకాశం నూటికి 66. ఇరవై కంపెనీల్లో పెడితే 44. యాభైలో పెడితే 13. అంటే సరిగ్గా ఒకే తెలివి, ఒకే కష్టం, ఒకే నిజాయితీ ఉన్న ముగ్గురు ఇన్వెస్టర్లు తలా పది కంపెనీల్లో పెడితే, సగటున ఒకరికే ఆ కంపెనీ దొరుకుతుంది, ఇద్దరికి దొరకదు. ఆ ఒకర్ని మనం వేదిక ఎక్కిస్తాం. ఆయన తను చేసినవన్నీ చెబుతాడు, పొద్దున్నే లేవడం, కళ్ళు చూడడం, కడుపులో అనిపించడం. మిగతా ఇద్దరూ అవే చేశారని చెప్పడానికి వాళ్ళని ఎవరూ పిలవరు.

ఊళ్ళో ఉన్నవాళ్ళం, మనకి ఇది లెక్కలు లేకుండా కూడా తెలియాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు ఎవరి రేకులు ఎగిరిపోయాయి, ఎవరివి నిలిచాయి అన్నది వాళ్ళ వ్యాపార దక్షతని బట్టి జరగలేదు. 2023 నవంబర్‌లో ఫిషింగ్ హార్బర్‌లో నిప్పంటుకుని ఒక్క రాత్రిలో నలభై దాకా బోట్లు కాలిపోయాయి. పక్క జెట్టీలో కట్టినవాళ్ళవి బతికాయి. బతికిన బోటు ఓనరు మర్నాడు వచ్చి "నేను ఎక్కడ కట్టాలో నాకు తెలుసు" అని చెప్పుకోలేదు, కాలిపోయినవాళ్ళ పక్కన నిలబడి ఏడ్చాడు. మీ వృత్తిలో మాత్రం పక్క జెట్టీలో బోటు కట్టినవాడికి మైకు ఇస్తున్నాం.

కాలం ఎంత పని చేస్తుందో చూపించే సంగతి ఇంకొకటుంది, నాకు బాగా పట్టుకున్నది. హార్వర్డ్‌లో పాల్ గాంపర్స్, జోష్ లెర్నర్ వాళ్ళు వెంచర్ డబ్బు తీసుకున్న ఫౌండర్ల మీద చేసిన పరిశోధనలో, 1983లో పెట్టిన కంప్యూటర్ కంపెనీల్లో 52 శాతం చివరికి షేర్ మార్కెట్‌కి చేరాయి. రెండేళ్ళ తర్వాత 1985లో పెట్టినవాటిలో 18 శాతమే చేరాయి. రెండేళ్ళలో అమెరికా ఇంజనీర్ల కళ్ళల్లో ఫైర్ తగ్గిపోలేదు కదా. ఆ పరిశోధకులు ఏ సమయంలో ఏ రంగంలోకి దిగాలో ఎంచుకోవడం కూడా నేర్పే అంటారు, కొంతమంది ఫౌండర్లు దాన్ని మళ్ళీ మళ్ళీ చేసి చూపించారు. ఒప్పుకుంటాను. అదే పరిశోధనలో ఒకసారి గెలిచినవాళ్ళు రెండోసారి గెలిచే అవకాశం 30 శాతం దాకా ఉంది. మొదటిసారి మొదలుపెట్టినవాళ్ళకి, అంతకుముందు ఓడిపోయినవాళ్ళకి ఇద్దరికీ 20 శాతం దరిదాపుల్లోనే ఉంది. రెండో వాక్యం ఇంకోసారి చదవండి. ఓడిపోయి వచ్చినవాడు కొత్తవాడి కంటే తీసిపోలేదు. మరి మన ఊళ్ళో కొత్త కుర్రాడికి ఇచ్చే గంట సమయం, మూసేసిన కంపెనీ ఉన్నవాడికి ఎందుకు ఇవ్వరు? నాలుగేళ్ళుగా నేను ఉద్యోగం చేసుకుంటున్నాను, నాకు ఇప్పుడు మీ డబ్బు అక్కర్లేదు, కానీ నాతోపాటు మూసేసినవాళ్ళు ఎంవీపీ కాలనీలో, గాజువాకలో, మధురవాడలో చాలామంది ఉన్నారు. సరుకు ఎలా అమ్ముడుపోదో, జీఎస్టీ రీఫండ్ ఎన్నాళ్ళకి వస్తుందో, సప్లయర్ చెక్కు ఎందుకు బౌన్స్ అవుతుందో వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

రమణ నందా, సాంప్సా సమీలా, ఒలావ్ సోరెన్సన్ అనే ముగ్గురు 2020లో ప్రచురించిన పరిశోధన మీకు ఇంకా దగ్గరగా తగులుతుంది. ఒక ఫండ్ మొదటి పది పెట్టుబడుల్లో ఎన్ని షేర్ మార్కెట్‌కి చేరాయో చూశారు. ఒక్కటి ఎక్కువ చేరితే ఆ తర్వాతి పెట్టుబడుల్లో కూడా చేరే అవకాశం 8 శాతం దాకా పెరిగింది. నేర్పు ఉంది కాబట్టి మళ్ళీ గెలిచారు అనిపిస్తుంది. కానీ లోపలికి వెళ్ళి చూస్తే మొదటి గెలుపులో ఎక్కువ భాగం సరైన చోట, సరైన కాలంలో ఉండడం వల్ల వచ్చింది. ఆ తర్వాత పేరొచ్చింది, పేరుని చూసి మంచి కంపెనీలు వాళ్ళ దగ్గరికే వెళ్ళాయి, పెద్ద ఫండ్లు వాళ్ళని కలుపుకున్నాయి. అదృష్టం ఒకసారి తలుపు తీస్తే ఆ తలుపు అలాగే తెరిచి ఉండిపోయిందన్నమాట. ఇది చదివినప్పుడు నాకు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ గుర్తొచ్చింది. ఆ రైలెక్కి బెంగళూరు వెళ్ళిపోయిన మన కుర్రాళ్ళు ఎంతమంది! అక్కడ తెరిచి ఉన్న తలుపుల దగ్గర నిలబడడానికే వెళ్ళారు, తెలివి ఇక్కడ తక్కువై కాదు. ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ పెట్టిన ఫణీంద్ర సామ మన తెలుగువాడే, దీపావళికి హైదరాబాద్ వెళ్ళడానికి బస్సు టికెట్ దొరక్క 2006లో బెంగళూరులో స్నేహితులతో కలిసి ఆ కంపెనీ మొదలుపెట్టారు. టికెట్ దొరక్కపోవడం అదృష్టమో దురదృష్టమో మీరే అనుకోండి. ఆ రాత్రి టికెట్ దొరకనివాళ్ళు వేలల్లో ఉంటారు, వాళ్ళల్లో ట్రావెల్స్ ఆఫీసులకి వెళ్ళి ఏ సీటు ఎక్కడ ఎందుకు ఖాళీగా ఉండిపోతోందో కూర్చుని తెలుసుకున్నవాళ్ళు కొద్దిమందే, అది మాత్రం వాళ్ళ నేర్పు. 2013లో అమ్మేశారు. ఆ కథలో రెండూ ఉన్నాయి, రెండూ కలిపి చెబితేనే పిల్లలకి అర్థమవుతుంది.

ఇప్పుడు నేను అడిగేవి.

మొదటిది, ఎక్కువ ఆశపడి అడుగుతున్నది, చెక్కు రాసిన రోజే, వద్దన్న రోజు కూడా, ఎందుకు రాశారో ఎందుకు వద్దన్నారో అరపేజీ కాగితం మీద రాసి తేదీ వేసి దాచండి. సరంగు డీజిలు చీటీలాంటిదే. ఐదేళ్ళ తర్వాత తీసి చూడండి. కంపెనీ గెలిచి ఉండొచ్చు, మీరు రాసిన కారణానికి ఆ గెలుపుకి సంబంధం లేకపోవచ్చు. కంపెనీ పోయి ఉండొచ్చు, మీ కారణం మాత్రం అక్షరాలా సరైనదై ఉండొచ్చు. కాగితం లేకపోతే జ్ఞాపకం మనకి నచ్చినట్టు మారిపోతుంది, మీది నాది అందరిదీ. ఆ తమ్ముడి విషయంలో ఆయన అబద్ధం చెబుతున్నారని నేను అనుకోవడం లేదు, 2018లోనే ఆ ఫైర్ చూశానని ఆయన నిజంగానే నమ్ముతున్నారు.

రెండోది, వదులుకున్న కంపెనీల జాబితా బయట పెట్టండి. అవమానం అనుకోకండి. అమెరికాలో చాలా పాత పెట్టుబడి సంస్థ బెసెమర్ తన వెబ్‌సైట్‌లో ఈ జాబితా పెట్టుకుంది. యాపిల్, గూగుల్, ఫేస్‌బుక్, ఎయిర్‌బీఎన్‌బీ అన్నీ ఉన్నాయి, ఫెడెక్స్‌ని అయితే ఏడు సార్లు వద్దన్నామని రాసుకున్నారు. గూగుల్ పుట్టిన గ్యారేజీ ఆ సంస్థ భాగస్వామి డేవిడ్ కోవన్ కాలేజీ స్నేహితురాలిదే. లోపల ఇద్దరు తెలివైన విద్యార్థులు సెర్చ్ ఇంజన్ రాస్తున్నారు, పరిచయం చేస్తానని ఆవిడంటే, గ్యారేజీ దరిదాపులకి వెళ్ళకుండా ఈ ఇంట్లోంచి బయటపడే దారేదని ఆయన అడిగారట. అది కూడా ఆ జాబితాలోనే రాసి పెట్టారు. జనం తమ ఇళ్ళల్లో గదులు అద్దెకిచ్చుకునే వెబ్‌సైట్ ఎయిర్‌బీఎన్‌బీ వాళ్ళు 2008లో కంపెనీ విలువ 15 లక్షల డాలర్లని చెప్పి లక్షన్నర డాలర్ల కోసం ఏడుగురిని కలిశారు. ఐదుగురు వద్దన్నారు, ఇద్దరు జవాబే ఇవ్వలేదు. ఆ ఉత్తరాల్ని ఆ కంపెనీ పెట్టినవాళ్ళల్లో ఒకరైన బ్రయాన్ చెస్కీ 2015లో బయటపెట్టారు. తర్వాత యూనియన్ స్క్వేర్ వెంచర్స్ అనే పెట్టుబడి సంస్థ నడిపే ఫ్రెడ్ విల్సన్ కూడా వాళ్ళని వదులుకున్నారు. వాళ్ళు ఖర్చుల కోసం అమ్ముకున్న, పొద్దున పాలల్లో వేసుకుని తినే సీరియల్ అట్టపెట్టె ఒకటి తన మీటింగు గదిలో పెట్టుకుని, ఎందుకు పెట్టుకున్నారో 2011లో రాశారు. వీళ్ళెవరి పేరూ దీనివల్ల పాడవలేదు. మన ఊళ్ళో ఒక్కరు ఇలాంటి జాబితా పెట్టినా, ఎంత తెలివైనవాళ్ళైనా ఎన్నిసార్లు పొరబడతారో పిల్లలకి కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది.

ఇంకొకటి, వద్దనుకుంటే వద్దని చెప్పండి, కారణంతో చెప్పండి. "టచ్‌లో ఉందాం" అన్న మాట కోసం మేం ఎన్ని నెలలు జీతాలు కట్టామో మీకు తెలీదు. తుది జాబితాలో పదిమంది మిగిలి, వాళ్ళ మధ్య తేడా మీకే సరిగ్గా తెలియనప్పుడు, ఇద్దరికి 50 లక్షల చొప్పున ఇచ్చే బదులు పదిమందికీ పదేసి లక్షలు ఇవ్వగలరేమో చూడండి. పైన చెప్పిన లెక్క ప్రకారం అది మీకూ మంచిదే. అందరికీ ఇది కుదరదని తెలుసు, కొన్ని కంపెనీలు పది లక్షలతో మొదలవ్వనే అవ్వవు, కుదిరిన చోట చేయండి.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, మన ఊరికి పెద్ద కెరటం రాబోతోంది. 2025 అక్టోబర్‌లో గూగుల్ ఇక్కడ ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లతో డేటా సెంటర్ పెడతామని ప్రకటించింది. కరెంటు, కూలింగ్, కేబుళ్ళు, భవనాలు, క్యాంటీన్లు, ఏ పనిలో ఉన్నవాడికైనా ఆ గాలి తగులుతుంది. 2024లో ఏదో చిన్న కూలింగ్ కంపెనీకి పది లక్షలు ఇచ్చి మర్చిపోయినవారు మీలో ఉండొచ్చు, 2030లో అది పెద్ద కంపెనీ అయిపోవచ్చు. ఆ రోజు ఏదో ఒక కాలేజీ హాల్లో మీ చేతికి మైకు ఇస్తారు. ఆ కుర్రాళ్ళు ఎంత కష్టపడ్డారో చెప్పండి, మీరు ఏ ఇద్దరి నంబర్లు ఇచ్చారో, ఏ తప్పు ముందే పట్టుకున్నారో చెప్పండి, తర్వాత ఒక్క నిమిషం ఆగి, గూగుల్ ఇక్కడికి వస్తుందని అప్పుడు మీకు తెలియదని కూడా చెప్పండి. అదే రంగంలో అంతే కష్టపడి 2021లోనే మూసేసినవాడు ఎవరైనా ఉంటే వాణ్ణి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టండి.

ఆ అమ్మాయి దగ్గరికి సభ అయ్యాక నేను వెళ్ళాను. బయట మెట్ల మీద స్నేహితురాలితో కూర్చుని ఉంది. నోట్‌బుక్ చూపించమంటే చాలాసేపు వెనకాడింది. పలాస దగ్గర ఊరు, వాళ్ళమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. జీడిగింజ పెంకు కొట్టేటప్పుడు కారే నూనెకి చేతులు కాలి నల్లబడిపోతాయి, గ్లౌజులు వేసుకుంటే పప్పు విరిగిపోతోందని, రోజు కూలి తగ్గుతోందని ఆడవాళ్ళు తీసేస్తారు. ఈ పిల్ల చేతికి నూనె తగలకుండా గింజని పట్టుకునే చిన్న కట్టర్ బొమ్మ గీసింది. నాలుగు రకాలుగా గీసి మూడు కొట్టేసింది, కొట్టేసిన ప్రతిదాని పక్కనా ఎందుకు కొట్టేసిందో రాసుకుంది. కింద బస్తాకి ఎంత పప్పు విరుగుతుంది, ఎంత మిగులుతుంది, కట్టర్ ఎంతకి అమ్మితే ఫ్యాక్టరీవాళ్ళు కొంటారు అని లెక్క వేసింది. ఒక చోట కూడిక తప్పింది, చెప్పాను, దిద్దుకుంది. ఆ ఐదు నిమిషాల్లో నేను ఆ పిల్ల కళ్ళు చూడలేదు, నోట్‌బుక్కే చూశాను.

వచ్చే నెల రెండో శనివారం సాయంత్రం ఐదింటికి తను కట్టర్ నమూనా తీసుకుని మద్దిలపాలెం వస్తానంది, మా పాత గది ఓనరు ఒక పూటకి తాళం ఇస్తానన్నాడు. మీలో ఎవరైనా రండి, సభలో మాట్లాడిన ఆయన వస్తే ఇంకా సంతోషం. చూసి బాగోలేదనిపిస్తే బాగోలేదని చెప్పండి, ఆ పిల్ల తట్టుకుంటుంది. ఎందుకు బాగోలేదో మాత్రం ఆ నోట్‌బుక్‌లోనే తేదీ వేసి రాసి ఇవ్వండి.

ఇట్లు,
మద్దిలపాలెం మేడ మీది ఐసు సెన్సర్ కంపెనీ పాత భాగస్వామి,
విశాఖపట్నం